జెండాలో మన వాటా

ఖమ్మం,
ఆగస్టు 18.

అమ్మలూ,

ప్రభువు నామంలో నీకు నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మీ అమ్మకు సరిగా నిద్ర లేదు. ఆఫీసులో జెండా వందనం అయ్యాక మిఠాయిలు పంచుతుంటే ఒక అమ్మాయి "మీ చర్చిల్లో కూడా జెండా ఎగరేస్తారా?" అని అడిగిందన్నావు. ఎగరేస్తామని చెప్పి ఊరుకున్నావట. ఆ "కూడా" అన్న మాట నీకు ముల్లులా దిగిందని నాకు తెలిసింది. అప్పుడే ఏదో చెప్పబోయాను, మాట కుదరలేదు. ముప్పై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి. కాగితం ముందు కూర్చుంటే గానీ నాకు ఆలోచన సాగదు.

1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి ఇచ్చిన నమూనాలో రంగులు రెండే, ఎరుపూ ఆకుపచ్చా. ఒకటి హిందువులకు, ఒకటి ముస్లిములకు. మరి మిగిలినవాళ్లో అని గాంధీజీ తెల్ల పట్టీ చేర్పించారు. ఆ మిగిలినవాళ్లలో మనమూ ఉన్నాం. ఎనిమిదో తరగతిలో మా మాస్టారు ఈ సంగతి చెప్పిన రోజు నేను నేల మీద నడవలేదు. ఆ తరువాత జెండా ఎక్కడ కనిపించినా నా కళ్లు ముందు తెలుపు మీదే ఆగేవి.

1931లో కాంగ్రెస్ ఆ జెండాను మార్చింది. ఎరుపు పోయి కాషాయం వచ్చింది, తెలుపు మధ్యకు చేరింది, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని స్పష్టంగా తీర్మానించారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించినప్పుడు అప్పటిదాకా మధ్యలో ఉన్న రాట్నం చోట ఇరవై నాలుగు ఆకుల అశోకచక్రం వచ్చింది. ఇదంతా నేను కాలేజీలో చదువుకున్నాను. నా పట్టీ నాకు లేకుండా పోయిందని కొన్నాళ్లు నిజంగానే బాధపడ్డాను. ఆలోచించగా అర్థమైంది. ఉమ్మడి ఇంట్లో ఒక గది నీది అని రాసిస్తే మిగతా ఇంటి మీద నీకు హక్కు లేదనే కదా? ఇల్లంతా నీదే అన్నాక గది కోసం పేచీ ఎందుకు?

మన పెద్దలు ఈ మాట ముందే గ్రహించారు. ఆ రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ, బెంగాలీ క్రైస్తవుడు. అల్పసంఖ్యాకుల ఉపసంఘానికి అధ్యక్షుడిగా ఉండి కూడా, మతం పేరిట చట్టసభల్లో సీట్లు వద్దన్నారు. అంతకు ముందే మన దోర్నకల్ బిషప్ అజరయ్యగారు క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దన్నారు. 1912లో అభిషేకం పొందిన ఆయన ఇంగ్లండు చర్చికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. నీకు ఆరేళ్లప్పుడు ఆయన దోర్నకల్‌లో కట్టించిన చర్చి చూపించడానికి రైల్లో తీసుకెళ్లాను, గుర్తుందా? బయట నిలబడి "ఇది గుడా నాన్నా, మసీదా?" అని అడిగావు. రెండింటి పోలికా ఉండాలనే అలా కట్టించారమ్మా. ఈ నేల మీద పుట్టిన కట్టడం ఈ నేల కట్టడాల్లాగే ఉండాలని ఆయన పట్టుదల.

ఇంకొక సంగతి. 1947 ఆగస్టు 15న మన ఊళ్లో ఈ జెండా ఎగరేయడానికి వీల్లేదు. ఇది నిజాం రాజ్యం. ఆ రోజు హైదరాబాదులో జెండా ఎత్తినందుకు హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను అరెస్టు చేశారు. మరో ఏడాది దాటి, 1948 సెప్టెంబరులో గానీ మనకు ఆ భాగ్యం కలగలేదు. ఆ తరంలోని మన సంఘస్థులు పాత ప్రార్థన పుస్తకంలో ఇంగ్లండు రాజు కోసం ప్రార్థించినవాళ్లు. ఇప్పుడు మనం రాష్ట్రపతి కోసం, ప్రధాని కోసం, ముఖ్యమంత్రి కోసం ప్రార్థిస్తున్నాం. పేర్లు మారాయి, ప్రార్థన మానలేదు. రాజుల కొరకు, అధికారులందరి కొరకు ప్రార్థించమని బైబిల్లో పౌలు తిమోతికి రాసింది ఎవరి ఏలుబడిలో? రోమా చక్రవర్తుల ఏలుబడిలో.

ఈ పాఠం నాకు నేర్పింది మీ నాయనమ్మ. ఒక ఎన్నికల్లో నేను వద్దనుకున్న నాయకుడు గెలిచాడు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అధికారుల వంతు వచ్చేసరికి ఆయన పేరు వదిలేశాను. ఆమేన్ అనగానే అమ్మ, "పేరు మింగేశావేమిరా? ఆయన తప్పు చేస్తే అన్నం పోయేది బీదవాళ్లకు. ఆయనకు బుద్ధి ఇవ్వమని అడగకపోతే ఇంకెవరికి ఇవ్వమంటావు?" అంది. మళ్లీ మోకరించాను. దానియేలు తొమ్మిదో అధ్యాయం తీసి చూడు. తన జనుల పాపాలు ఒప్పుకొంటూ ఆయన "వాళ్లు" అని పక్కకు తప్పుకోడు, "మేము" అంటాడు. దేశం గొప్పది అనడం సులువే. దేశం తప్పు చేసినప్పుడు "మేము" అనగలవాడు ఈ ఇంటివాడు.

మన సంఘంలో కొందరికి జెండా వందనం మీదే సందేహం ఉంది. నాకు లేదు. జెండా ముందు నిలబడతాను, దేవుడి ముందు మోకరిస్తాను. ఏది ఎక్కడ చేయాలో నా మోకాళ్లకు తెలుసు.

బడిలో జెండా ఎత్తేటప్పుడు చురుగ్గా ఎత్తాలని, దించేటప్పుడు నెమ్మదిగా దించాలని పిల్లలకు నేర్పేవాణ్ణి, అది నియమం. నేను సొంతంగా కొనుక్కున్న ఖద్దరు జెండా ఒకటి పెట్టెలో ఉంది. మాగాయ సీసాతో పాటు దాన్నీ పంపుతున్నాను, నూనె తగలకుండా వేరే సంచిలో పెట్టించాను. కాషాయం, ఆకుపచ్చ రెండూ తెలుపు కిందికి వచ్చేలా మడిచి, చక్రం పైకి కనిపించేలా ఉంచు.

ఆ అమ్మాయి పేరేమిటో ఈసారి ఫోను చేసినప్పుడు చెప్పు. రాత్రి ప్రార్థనలో చేర్చుకోవాలని మీ అమ్మ రెండు రోజులుగా అడుగుతోంది.

నాన్న