అంగారక నివాసంపై ఇస్రో అధ్యక్షులకు బహిరంగ లేఖ

హైదరాబాద్

గౌరవనీయులైన ఇస్రో అధ్యక్షుల వారికి నమస్కారములు.

2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కక్ష్యలో చేరిన రోజు మా వీధిలో మిఠాయిలు పంచినవారిలో నేనూ ఒకణ్ణి. అయినా, గ్రహశకలం ఢీకొనడం వంటి విపత్తు వస్తే మానవజాతి మనుగడకు అంగారకుడే దిక్కన్న వాదాన్ని అంగీకరించలేకపోతున్నాను. వాయుపీడనం భూమిపై ఉన్నదానిలో ఒక శాతం కూడా లేని, ఉన్న కాస్త గాలిలోనూ 95 శాతం కార్బన్ డయాక్సైడే అయిన చోట ఊరు కట్టినా, మందుబిళ్ల నుంచి మరమేకు దాకా చాలాకాలం ఇక్కడినుంచే పంపాలి. ఇక్కడ కుప్పకూలితే అక్కడా బతుకు ఆగుతుంది.

1908లో మూసీ ముంచెత్తినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలు పట్టుకుని ఎందరో ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత నగరం చోటు మార్చుకోలేదు. వరదను అదుపు చేసేందుకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టుకుంది. మనమూ అలాగే భూమిని వదిలిపోయే బదులు కాపాడుకోవాలి. 2022లో నాసా వారి డార్ట్ నౌక డైమోర్ఫస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొని దాని కక్ష్యను మార్చింది కనుక, గ్రహశకలాలను ముందే పసిగట్టి దారి మళ్లించే పరిశోధనకు తొలి ప్రాధాన్యం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మూసీ ఒడ్డు పౌరుడు