మన తెలుగు సంఘం వార్షిక నివేదిక: చవితి మంటపం నుంచి గ్యారేజీ ప్యానెల్ దాకా

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. తెలుగు బడి ఆదివారం ఉదయాలకు మారింది, పిల్లలు ఆవలిస్తూనే వస్తున్నారు, కానీ వస్తున్నారు. పిక్నిక్ రోజు వాన పడింది. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంపారు. ఈ ఏడాది కార్యవర్గం సమయం ఎక్కువగా తీసుకున్నది వేరే విషయం. అది చాలామంది ఇళ్లకు సంబంధించింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

వినాయక చవితి మంటపం ఈసారి ఒక సభ్యుడి ఇంట్లో పెట్టుకున్నాం. న్యూజెర్సీలో మన వాళ్లు కొంటున్న చాలా ఇళ్లలాగే అదీ పాత ఇల్లు. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉండదు, పెరట్లో విడిగా ఉంటుంది. అందులోనే మంటపం, సీరియల్ లైట్లు, స్పీకరు, మూలన ఉండ్రాళ్లు వేడిగా ఉంచడానికి ఇండక్షన్ స్టవ్. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద. హారతి సమయంలో బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన, ఆ వెంటనే పొగ. ఒకాయన పరుగెత్తి గోడ మీద స్విచ్ కొట్టారు. లైటు ఆరిపోయింది, చీకటైంది, పొగ మాత్రం ఆగలేదు. ఆ స్విచ్ పైన బల్బుకే, ప్లగ్ పాయింటుకు కాదు. బ్రేకరు ఇంటి బేస్‌మెంట్‌లో ఉంది. వెనక తలుపు లోపల గడియ వేసి ఉండటంతో ముందు వైపు చుట్టి వెళ్లి, చెప్పులతోనే హాలు దాటి, కిందికి దిగితే ప్యానెల్ (బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) తలుపు మీద పేర్లన్నీ పాత యజమాని పెన్సిలుతో రాసినవి. సగం చెరిగిపోయాయి. చివరికి మెయినే ఆఫ్ చేశారు. స్వామి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, పట్టుపంచె ఒకటి మాత్రం పాడైంది.

బ్రేకరు ఎందుకు పడలేదని ఆ రాత్రే చాలామంది అడిగారు. సంఘంలో మేమంతా బాబాయ్ అని పిలుచుకునే రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరు ఒకాయన ఉన్నారు. ఆయన చెప్పింది ఇది: 15 ఆంపియర్ల బ్రేకరు వైరులో కరెంటు హద్దు దాటితే పడుతుంది. 1800 వాట్ల స్టవ్ 120 వోల్టుల దగ్గర ఒక్కటే 15 ఆంపియర్లు లాగుతుంది. లైట్లు కలిసి హద్దు కాస్త దాటినా బ్రేకరు వెంటనే పడదు, చాలాసేపు ఓపిక పడుతుంది. ఈలోగా ప్లగ్ వదులుగా ఉన్నచోట వేడి పుడుతుంది, ఆ వేడి బ్రేకరుకు కనపడదు. కాబట్టి మనిషి చేత్తో ఆపాల్సిన సందర్భాలు ఉంటాయి, ఆపే సాధనం ఆ చెయ్యి అందే చోటే ఉండాలి.

కోడు అడిగేదీ సరిగ్గా అదే. అమెరికా జాతీయ ఎలక్ట్రికల్ కోడు, అంటే ఎన్‌ఎఫ్‌పీఏ 70, అందులో 225వ అధికరణ విడి భవనాల సంగతి చెబుతుంది. 225.31 ప్రకారం కరెంటు వెళ్లే ప్రతి విడి భవనానికీ తనదైన డిస్‌కనెక్ట్, అంటే అక్కడి కరెంటు మొత్తం ఆపే స్విచ్, ఉండాలి. భవనం లోపలైనా, బయటి గోడకైనా సరే, కానీ వైర్లు వచ్చి చేరే చోటుకు దగ్గరగా, నిచ్చెన వేయకుండా, సామాన్లు జరపకుండా అందాలి. ఇంటి ప్యానెల్‌లో గ్యారేజీ పేరుతో బ్రేకరు ఉన్నా సరిపోదు. అది వైరును కాపాడటానికి, గ్యారేజీలో ఉండేది మనిషి ఆపుకోవడానికి. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీకి ఈ నిబంధన వర్తించదు, ఎందుకంటే కోడు లెక్కలో అది ఇంట్లో భాగమే. చాలామంది తికమక పడేది ఇక్కడే.

ఇందులో మనకు కొత్తేమీ లేదు. ఊళ్లో బావి దగ్గర మోటారు షెడ్డు గుర్తుందా? స్టార్టరు పక్కనే మెయిన్ డబ్బా. మోటారు విప్పేటప్పుడు మా నాన్న ఫీజు పీకి జేబులో వేసుకునేవారు, ఇంకొకరు వచ్చి పెట్టేయకుండా. ఫీజు ఇంట్లో ఉండి మోటారు పొలంలో ఉంటే ఆయన ముట్టుకునేవారు కాదు.

చవితి తర్వాత బాబాయ్ గారితో కలిసి, పిలిచిన సభ్యుల గ్యారేజీలు చూసి వచ్చాం. సంఘం తరఫున ఎవరూ స్క్రూడ్రైవరు పట్టుకోలేదు, చూసి చెప్పడం వరకే.

చిన్న గ్యారేజీకి, అంటే ఒక్క సర్క్యూట్‌తో ఒక లైటు, ఒక ప్లగ్ ఉంటే, డిస్‌కనెక్ట్ పెద్ద పని కాదు. ఆ సర్క్యూట్ మొత్తాన్ని ఆపే మామూలు గోడ స్విచ్ చాలు. చవితి ఇంట్లో చేయాల్సింది అదే: స్విచ్‌ను బల్బు ముందు కాకుండా, లైటుకూ ప్లగ్‌కూ వెళ్లే వైరు మొదట్లో పెట్టడం. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక పూటలో ముగించారు.

సర్క్యూట్లు పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. 225.39 ప్రకారం ఒక్క సర్క్యూట్ అయితే డిస్‌కనెక్ట్ రేటింగ్ కనీసం 15 ఆంపియర్లు, రెండు అయితే 30, అంతకు మించితే 60. ఇది డిస్‌కనెక్ట్ సామర్థ్యం గురించి, దానికి వచ్చే ఫీడరు (ఇంటి ప్యానెల్ నుంచి గ్యారేజీ ప్యానెల్‌కు వెళ్లే లైను) గురించి కాదు. ఇంట్లో 40 ఆంపియర్ల బ్రేకరు నుంచి ఫీడరు తెచ్చి, గ్యారేజీలో 100 ఆంపియర్ల మెయిన్ ఉన్న ప్యానెల్ పెట్టుకోవచ్చు. ఆ వంద చూసి "వైరు కాలిపోదా" అని ఒక సభ్యురాలు కంగారు పడ్డారు. వైరును కాపాడేది ఇంట్లో ఉన్న నలభై. గ్యారేజీలోని మెయిన్ అక్కడ స్విచ్‌గా పనిచేస్తుంది, అంతే.

ఇప్పుడు ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు, చార్జర్ల కథ. ఈ ఏడాది తలనొప్పి ఎక్కువగా ఇక్కడే. 48 ఆంపియర్ల చార్జరు గంటలకొద్దీ ఆడుతుంది కాబట్టి కోడు నాలుగో వంతు అదనంగా అడుగుతుంది, అంటే 60 ఆంపియర్ల బ్రేకరు, అదీ విడి సర్క్యూట్. ఒక సభ్యుడు దానికోసం గ్యారేజీకి కొత్త ఫీడరు వేయించుకున్నారు. పని చేసిన వాళ్లు మెయిన్ లేని ప్యానెల్ తెచ్చి బిగించారు, చవకని. మెయిన్ లేకపోయినా ఆరు బ్రేకర్ల వరకు అయితే ఒప్పుకుంటారు, ఆరు సార్లు చెయ్యి కదిపి అంతా ఆపగలగాలన్నది లెక్క. ఈయన గ్యారేజీలో చార్జరు, తలుపు మోటారు, ఫ్రీజరు, లైట్లు, వర్క్‌బెంచ్, ఇంకా ఏవో కలిసి ఎనిమిది అయ్యాయి. ఇన్‌స్పెక్టర్ పని పాస్ కాలేదని ఎర్ర స్టిక్కరు అంటించి వెళ్లారు. పైగా గ్యారేజీ లైటుకు పాత 120 వోల్టుల లైను అలాగే వదిలేశారు. ఒక భవనానికి మామూలుగా ఒకటే సప్లై ఉండాలి, మినహాయింపులు కొన్నే. రెండు లైన్లుంటే ఒకటి ఆపి "ఆపేశాం" అనుకుని రెండోదానిలో చెయ్యి పెడతాం. ప్యానెల్ మార్చి, పాత లైను తీసేయించుకునేసరికి చవక బేరం ఖరీదైంది. ఆ కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయడం లేదు, అడగొద్దు.

మరో తప్పు దాదాపు ప్రతి పాత సబ్‌ప్యానెల్‌లోనూ, అంటే ఇంటి ప్యానెల్ నుంచి కరెంటు తీసుకునే గ్యారేజీ ప్యానెల్‌లో, కనిపించింది. ఇంటి మెయిన్ దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు), గ్రౌండు (ఎర్తు వైరు) కలిసే ఉంటాయి. అది చూసి గ్యారేజీలోనూ కలిపేస్తారు. అక్కడ కలపకూడదు. 2008 సంచిక నుంచి కొత్తగా వేసే ఫీడరుకు నాలుగు వైర్లు ఉండాలి, రెండు హాట్ (కరెంటు తెచ్చేవి), ఒక న్యూట్రల్, ఒక గ్రౌండు. గ్యారేజీ ప్యానెల్‌లో ఆ రెంటినీ కలిపే ఆకుపచ్చ బాండింగ్ స్క్రూ తీసేయాలి. కలిపితే న్యూట్రల్‌లో తిరిగి వెళ్లాల్సిన కరెంటులో కొంత గ్రౌండు వైరు మీదుగా, లోహపు డబ్బాల మీదుగా వెళుతుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఆ డబ్బాలే షాక్ కొడతాయి. పాత మూడు వైర్ల ఫీడరు ఉన్నవాళ్లకు కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది, కానీ అది మీ ఇంటికి వర్తిస్తుందో లేదో ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాలి.

గ్రౌండ్ రాడ్ల గురించి కూడా అడిగారు. ఫీడరుతో సబ్‌ప్యానెల్ ఉంటే గ్యారేజీ దగ్గర రాడ్లు కావాలి: 8 అడుగులవి, మామూలుగా రెండు, మధ్య కనీసం 6 అడుగుల దూరం. గ్రౌండు వైరున్న ఒక్క సర్క్యూట్ మాత్రమే అయితే అక్కర్లేదు. మన పెరటి ఎర్తు గొయ్యిలా ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోయనక్కర్లేదు (ఒకరు నిజంగానే అడిగారు). ఇంకో మాట, రాడ్ పాతినంత మాత్రాన గ్రౌండు వైరు అవసరం తీరిపోదు. ఫాల్ట్ వచ్చినప్పుడు, అంటే హాట్ వైరు లోహపు డబ్బాకు తగిలినప్పుడు, బ్రేకరును పడగొట్టేది ఆ వైరే, మట్టి కాదు.

వైరు ఎంత లోతులో పాతాలన్నది వేసే పద్ధతిని బట్టి ఉంటుంది. పెరట్లో నేరుగా పాతే కేబుల్‌కు 24 అంగుళాలు, పీవీసీ పైపులో అయితే 18. జీఎఫ్‌సీఐ (కరెంటు పక్కదారి పడితే వెంటనే ఆపే రక్షణ) ఉన్న 20 ఆంపియర్ల లోపు 120 వోల్టుల ఇంటి సర్క్యూట్‌కు 12 అంగుళాలు చాలు. తవ్వే ముందు 811కు (భూమిలోని లైన్లు ఎక్కడున్నాయో చూపే సేవకు) ఫోన్ చేయాలి. న్యూజెర్సీలో కనీసం మూడు పనిదినాల ముందు చెప్పాలి, వాళ్లు ఉచితంగా వచ్చి గుర్తులు పెడతారు, కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు. అయితే మీటరు దాటాక మీ సొంత వైర్లకు గుర్తు పెట్టరు. పాత యజమాని గ్యారేజీకి లాగిన లైను వాళ్ల పటంలో ఉండదు. ఒక సభ్యుడి పలుగుకు అదే తగిలింది. బ్రేకరు ముందే ఆపి ఉండటంతో పలుగే పాడైంది.

పర్మిట్ లేకుండా ఎవరూ ఈ పని మొదలుపెట్టవద్దని కార్యవర్గం గట్టిగా చెబుతోంది. మన రాష్ట్రంలో తాము ఉంటున్న సొంత ఇంట్లో యజమాని స్వయంగా వైరింగ్ చేసుకోవచ్చు, కానీ పర్మిటూ ఇన్‌స్పెక్షనూ తప్పవు. జాతీయ కోడు మూడేళ్లకోసారి కొత్తగా వస్తుంది, రాష్ట్రం ఏ సంచికను పాటిస్తోందో టౌన్‌షిప్ ఆఫీసులో అడగండి.

సర్వసభ్య సమావేశంలో చర్చకు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ఇకపై చవితి మంటపం పెట్టే గ్యారేజీలో, లోపల నిలబడి కరెంటు మొత్తం ఆపే ఏర్పాటు ఉందో లేదో ముందే చూస్తాం, లేకపోతే మంటపం హాల్లో పెడతాం. ఇండక్షన్ స్టవ్ వంటింట్లోనే ఉంటుంది, దీని మీద ఓటింగ్ లేదు. రెండు, బేస్‌మెంట్ ప్యానెల్ మీద పేర్లు రాసుకోవడానికి ఒక శనివారం కేటాయిస్తాం. ఒకరు పైన నిలబడి "ఆరింది" అని అరవాలి, ఒకరు కింద రాసుకోవాలి. పెన్సిలు తేవద్దు, మార్కరు తెండి. సభ్యత్వ రుసుము ఇంకా కట్టని వాళ్లు ఆ రోజే కట్టేయవచ్చు, కోశాధికారి గారు రసీదు పుస్తకంతో అక్కడే ఉంటారు.

ఇట్లు,
కార్యదర్శి