సైన్ ఆఫ్ అయ్యాక

డోర్నకల్

చిరంజీవి రమేష్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, ఏదో నూనె రాసుకుంటోంది. పెరట్లో మామిడి ఈసారి బాగా కాసింది, ఆవకాయకు కొనక్కర్లేదు. సుజాత వాళ్ళ చిన్నోడి చెవులు కుట్టించడానికి నువ్వు రాలేదని ఎవరూ ఏమీ అనుకోలేదు. లింకు, అదే డ్యూటీల వరస, సంగతి మన ఇంట్లో తెలియనిదా? రైలింజన్లో ఉన్నప్పుడు ఫోన్ ఆపాలి, సరే. రెస్టులో ఉన్నప్పుడు కూడా ఆపుతారా?

అప్పారావు బాబాయి ఓ వీడియో పంపాడు. పెద్ద విషయమేం కాదు, మాటల్లో వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఎవరిదో పెళ్ళి బరాత్, డీజే, మధ్యలో మన రైల్వే యూనిఫాంలో ఒకడు చేతిలో గ్లాసుతో ఎగురుతున్నాడు. అందులో ఉన్నది థమ్సప్పే అని మీ అమ్మ ఒట్టేసి చెబుతోంది. అయి ఉండొచ్చు.

విజయవాడలో ఎండలు ఎలా ఉన్నాయి? నీళ్ళ బాటిల్ ఒకటి చాలదు, రెండు పెట్టుకో. రన్నింగ్ రూంలో రాత్రి భోజనం వద్దని బిస్కెట్లతో పడుకుంటున్నావని సుజాత చెప్పింది. ఆ పని చేయకు.

నువ్వు అనబోయేది నాకు తెలుసు. డ్యూటీ ముగించి సైన్ ఆఫ్ చేశాను, లాబీలో, అదే మా డ్యూటీ ఆఫీసులో, లెక్క సరిగ్గానే ఉంది, ఆ తర్వాత నా ఇష్టం అంటావు. డ్యూటీలో బ్యాడ్జీ, యూనిఫాంతో శుభ్రంగా ఉండాలని రైల్వే జనరల్ రూల్స్‌లో 2.10 చెబుతుంది. దిగాక విప్పేయమని అందులో లేదు, ఒప్పుకుంటా. కానీ ఉద్యోగి నడవడిక మీద ఉన్న కాండక్ట్ రూల్స్ వేరు. 1966లో వచ్చాయి, మన దక్షిణ మధ్య రైల్వే పుట్టిన ఏడే. ఉద్యోగికి తగని పని ఏ వేళలోనూ చేయకూడదని మూడో రూల్. నలుగురూ తిరిగే చోట తాగకూడదని, తాగి కనిపించకూడదని ఇరవై రెండో రూల్. మనలా బండితో పోయే రన్నింగ్ స్టాఫ్ అయితే డ్యూటీకి ఎనిమిది గంటల ముందు నుంచి చుక్క ముట్టకూడదు. బ్రీత్ ఎనలైజర్ ముందు థమ్సప్ కథలు చెల్లవు. ఆ బరాత్ తర్వాత నీకు డ్యూటీ కాల్ ఎన్నింటికి వచ్చిందో నేను అడగడం లేదు.

నేను కొత్తగా గార్డునైన రోజుల్లో (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారుగా) మా దగ్గర ఒకాయన ఉండేవాడు. పేరెందుకులే, మీ అమ్మకు తెలుసు. ఒక సాయంత్రం సైన్ ఆఫ్ చేసి, తెల్లకోటు తీయకుండా ప్లాట్‌ఫాం మీద టీ తాగుతున్నాడు. ఒక ముసలామె నెత్తిన మూటతో వచ్చి, ‘అయ్యా, ఈ బండి కారేపల్లి పోతదా?’ అంది. ఈయన పక్కవాడితో ఇంక్రిమెంట్ల గురించే వాదనలో ఉన్నాడు. తలైనా తిప్పకుండా ‘ఆఁ, ఎక్కెక్కు’ అన్నాడు. అది కాజీపేట వైపు ప్యాసింజర్. కారేపల్లి మీదుగా పోయే భద్రాచలం రోడ్డు బండి అవతలి ప్లాట్‌ఫాం మీద ఉంది. మహబూబాబాద్ దాటాక గానీ ఆమెకు అనుమానం రాలేదు. వరంగల్‌లో దిగేసరికి రాత్రి, చేతిలో వేరే లైను టికెట్టు, బిక్కుబిక్కుమంటూ తెల్లవార్లూ బెంచీ మీదే ఉందట. కొడుకు స్కూలు టీచరు, ఊరుకుంటాడా? ‘తెల్లకోటు బాబు చెప్పాడు’ అని రెండు పేజీల కంప్లైంట్ రాశాడు. టీ కొట్టువాడు సాక్ష్యం. మనవాడు రిజిస్టర్ తెచ్చి సైన్ ఆఫ్ టైం చూపించాడు. ‘అది ఆమెకు ఎవరు చెప్పాలయ్యా?’ అని అడిగాడు ఆఫీసరు. ఎస్ఎఫ్-11, అంటే చిన్న శిక్షకు ఇచ్చే చార్జిషీటు, వచ్చింది, ఏడాది ఇంక్రిమెంట్ ఆగింది. శిక్ష ఎక్కువైందని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఒంటి మీద లుంగీ ఉంటే ఆమె అతన్ని అడిగేదే కాదు కదా.

అప్పుడు సాక్షి ఒక్క టీ కొట్టువాడు. ఇప్పుడు ఊరంతా ఫోన్లే. నీ నేమ్ ప్లేట్ కూడా చదవగలిగేలా ఉంది ఆ వీడియోలో.

ఉపన్యాసం వద్దనుకునే కూర్చున్నాను. ఇంకొక్క మాట, అంతే. యూనిఫాం ఉంది కదా అని ఇంటికొచ్చేటప్పుడు పాస్ లేకుండా ఏసీ పెట్టెలో ఖాళీ బెర్తు మీద కూర్చోకు. చొక్కా టికెట్టు కాదు. కొత్త సర్వీసు, నీకు ఏడాదికి పాస్ ఒక్క సెట్టే. దాన్ని ఫ్రెండ్స్‌తో గోవాకు తగలేయకుండా అమ్మను తిరుపతి తీసుకెళ్ళు.

డ్రెస్ అలవెన్స్ జూలై జీతంలో పడుతుంది. ఆ డబ్బుతో మంచి బూట్లు కొను, పాతవి మడమ దగ్గర అరిగాయి. లాకర్లో ఒక మామూలు చొక్కా, ప్యాంటు పెట్టుకో. సైన్ ఆఫ్ అయ్యాక అక్కడే మార్చుకుని బయటికి రా, ఐదు నిమిషాల పని. ఆ తర్వాత ఎవరి పెళ్ళిలో ఎగురుతావో నీ ఇష్టం.

ఆ వీడియో పెట్టిన కుర్రాడెవరో నీకు తెలిసే ఉంటుంది, ముందు తీసేయమను. తీశాక ఫోన్ చెయ్యి. నాకు కాకపోతే అమ్మకైనా చెయ్యి, రాత్రి పది దాకా మేలుకునే ఉంటోంది.

ఇట్లు,
నాన్న

తా.క.: పచ్చడి జాడీ అప్పారావు బాబాయితో పంపుతున్నాం. తడి గరిటె పెట్టకు. యూనిఫాం ఇస్త్రీకి ఇచ్చేముందు నేమ్ ప్లేట్ తీసి ఇవ్వు, పోయినసారి పోగొట్టావు.