వంతెన మీద అరిసెలు

పర్లాకిమిడి,
మే నెల, మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు

ఒరే పెట్రోల్ బాబూ,

ముందు తిట్టెయ్, తర్వాత చదువు. జర్మనీ నుంచి తిరిగొచ్చి రెండు నెలలు దాటింది, నీకు ఒక్క ముక్క రాయలేదు. మీ కోచింగ్ హాస్టల్‌లో ఫోన్లు ఇవ్వరని తెలిసి కూడా నాలుగు మెసేజ్‌లు పెట్టాను. పరీక్షలయ్యాక చూసి నవ్వుకో. ఇవాళ మామయ్య గుణుపూర్ ప్యాసింజర్‌లో విశాఖ వెళ్తున్నాడు, ఉత్తరం ఆయన చేతికే ఇస్తాను. అంటే ఆయన భోంచేసి, కునుకు తీసి లేచేలోపు రాసెయ్యాలి. ఒత్తులు తప్పుపోతే ఎర్ర సిరా తియ్యకు. ఒడియా మీడియంలో చదివినవాడి తెలుగు ఇంతే, నీకు తెలీనిదేముంది.

కబుర్లన్నీ ఒక్క గుక్కలో: అమ్మ బాగుంది, నాయనమ్మకి కంటి ఆపరేషన్ అయింది, అక్కడి మార్కులు ఇక్కడ కలపడానికి కాయితాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, ఆరు కిలోలు తగ్గి మూడు పెరిగాను. మూడో చెప్పు సంగతి ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

"జర్మనీ ఎలా ఉందిరా" అని అందరూ అడుగుతున్నారు. అందరికీ "చలి" అని చెప్పి తప్పించుకుంటున్నాను. అసలు సంగతి నీకే చెప్పాలి, ఎందుకంటే నీకే అర్థమవుతుంది.

నేనున్నది విమానాలు దిగే పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ కాదు. ఓడర్ నది ఒడ్డున ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, బెర్లిన్ నుంచి రైల్లో గంట. చిన్న ఊరు. అక్కడి వియాద్రినా యూనివర్సిటీ 1506లో పెట్టింది, 1811లో మూసేశారు, మళ్లీ 1991లో తెరిచారు. క్లాసు అయ్యాక అయిదు పది నిమిషాలు నడిస్తే వంతెన. దాటితే పోలండ్, స్వూబిత్సె అనే ఊరు. 1945 వరకు అది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక పేట, అంతే. యుద్ధమయ్యాక నదిని సరిహద్దు చేశారు. ఇటు యూరో, అటు జ్వాటీ. మొదటి ఆదివారం వంతెన దాటానో లేదో కార్ల వరస కనపడింది. ఏంటా అని చూస్తే పెట్రోల్ బంకురా! జర్మనీవాళ్లు చవక అని నది దాటొచ్చి ట్యాంకు నింపుకుంటున్నారు. క్షవరం కూడా అక్కడే చేయించుకుని పోతున్నారు. ఆంధ్రాలో ఉన్న మీ పాతపట్నం నుంచి నువ్వు స్ప్లెండర్ నెట్టుకుంటూ మహేంద్రతనయ నది దాటి ఒడిశాలో మా బంకుకి వచ్చిన రోజు గుర్తొచ్చి రోడ్డు మీద ఒక్కడినే నవ్వాను. ఒక ముసలాయన భయపడి పక్కకి జరిగాడు.

ఇక అసలు కథ. జనవరి 13, భోగి. రెండ్రోజుల ముందు నుంచే మనసు బాగాలేదు. ఇక్కడ అమ్మ పిండి కొడుతోందని తెలుసు, వీడియోలో చూపిస్తోంది కూడా. మా హాస్టల్ వంటగదిలో నూనె పొగ లేచిందంటే చాలు, అలారం మోగి భవనమంతా కిందకి దిగాలి. అది ఒకసారి అయింది, అప్పడాల వల్ల. దాని గురించి వేరే ఉత్తరం. నా క్లాసులో స్వూబిత్సె అమ్మాయి ఒకతి ఉంది. (ఆ నవ్వు ఆపు. అలాంటిదేం లేదు.) నా గోల విని "మా బాబ్చా ఇంటికి రా, గ్యాస్ పొయ్యి ఉంది, అలారం లేదు" అంది. బాబ్చా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, గొంతు మాత్రం మీ అత్తది.

రాత్రి నానబెట్టిన బియ్యం గిన్నెతో సహా మోసుకెళ్లాను. బెల్లం బెర్లిన్‌లో కొన్నది. పిండి ఆడించడం ఎలా? బాబ్చా బల్లకి బిగించిన ఇనప మిషన్ చూపించింది, చేత్తో తిప్పేది. మాంసం కైమా కొట్టేదట. నేను మొహం పెట్టేసరికి ఆమె మనవరాలితో ఏదో అంది. ఈ మిషన్‌లో మాంసం వెయ్యరట, ఏడాదికోసారి క్రిస్మస్‌కి గసగసాలే వేస్తారట. గోధుమలు, తేనె, గసగసాలు కలిపి కూతియా అని చేస్తుంది. పోలండ్ అంతటా చేసే వంటకం కాదట అది, తూర్పు నుంచి వచ్చినవాళ్లది. ఆమెది ల్వూవ్ దగ్గర పల్లె, ఇప్పుడది యుక్రెయిన్‌లో ఉంది. 1945లో వాళ్లందర్నీ రైలెక్కించి ఇక్కడ దింపారు, అప్పుడామెకి మూడేళ్లు. దిగిన ఇల్లు జర్మనీవాళ్లు ఖాళీ చేసి పోయినది. అల్మారాలో కప్పులు కూడా అలాగే ఉన్నాయట. ఆ మిషన్ మాత్రం వాళ్లమ్మ మోసుకొచ్చింది.

బియ్యం అందులో రవ్వలా పడింది. కాఫీ గింజల మిక్సీలో ఇంకోసారి తిప్పి, టీ వడగట్టేదాంతో జల్లించాం. చిన్న గిన్నెడు పిండికి గంటన్నర! ఆ గంటన్నరలో ఆమె అడిగింది, "మీ ఇంట్లో ఏ భాష?" అని. తెలుగు అన్నాను. "మీ రాష్ట్రంలో?" ఒడియా. "మరి మీరెప్పుడు వచ్చారు అక్కడికి?" రాలేదు, అక్కడే ఉన్నాం అన్నాను. ఆమెకి ఎక్కలేదు. అప్పుడు గిడుగు రామమూర్తి గారి సంగతి చెప్పాను. మా ఊళ్లో పంతులుగారు, మాట్లాడినట్టే రాయాలని పోరాడారు, 1936లో ఒడిశా ఏర్పడి మా ఊరు అందులో కలిసిన రోజునే ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు అని. మనవరాలు చెప్తుంటే మిషన్ తిప్పడం ఆపి వింది. ఒక్కటే అడిగింది. "మళ్లీ రాలేదా?"

రాలేదు, 1940లో పోయారు అన్నాను. తల ఊపి మళ్లీ తిప్పడం మొదలెట్టింది. మా స్కూల్లో, మీ స్కూల్లో ఆయన గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నాం రా. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకూ... సరే, మామయ్య గురక ఇంకా వినిపిస్తోంది, కానివ్వు.

పాకం అమ్మ వీడియోలో చూసింది. నీళ్లలో వేస్తే ఉండ కట్టింది అన్నాను నేను, అబద్ధం. లేత పాకం. మొదటి అరిసె నూనెలో వెయ్యగానే విడిపోయి చెరువులో చేపపిల్లల్లా చెదిరిపోయింది. అమ్మ అటు నుంచి "నే చెప్పానా!" అని అరుస్తోంది, బాబ్చా ఇటు నుంచి పోలిష్‌లో అదే అరుస్తోంది. ఇద్దరికీ మధ్యలో అనువాదం అక్కర్లేదు. మళ్లీ కాచి, ముదర్చి, పిండి కలిపాం. నువ్వులు లేవు. "గసగసాలు అద్దుతారా?" అని బెరుగ్గా అడిగింది. అద్దుతాం బాబ్చా, మా ఇంట్లో సగం అవే! ఆ ముసలామె మొహం చూడాల్సింది. నూనె పిండడానికి అరిసెల చెక్క లేదు కదా, ఆలుగడ్డలు మెదిపే కన్నాల గరిటె తెచ్చింది. దాంతో నొక్కితే ప్రతి అరిసె మీదా గళ్ల అచ్చు. అందంగానే ఉన్నాయి, నువ్వు నమ్మకపోతే ఫోటో ఉంది.

ఈ హడావుడిలో నా జాకెట్ మీద నూనె ఒలికింది. వాళ్ల మావయ్య పాత కోటు తొడిగి పంపారు. స్టీలు డబ్బా నిండా అరిసెలతో రాత్రి తొమ్మిదికి వంతెన ఎక్కాను. జర్మనీ వైపు 2023 అక్టోబర్ నుంచి మళ్లీ తనిఖీలు పెట్టారు. నన్నెప్పుడూ ఆపలేదు. ఆ రాత్రి ఆపారు. పాస్‌పోర్ట్? జాకెట్‌లో. జాకెట్? బాబ్చా ఇంట్లో. కడుపులో ఖాళీ అయిపోయిందిరా. చలికి కాదు వణికింది. వాళ్లేం దురుసుగా లేరు, తప్పు నాదే. ఫోన్ చేసి తెప్పించుకో, ఇక్కడే నిలబడు అన్నారు.

అలా నిలబడి ఉంటే 2020 గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో బారికేడ్‌కి అటు మీ అత్త, ఇటు నేను, మధ్యలో పోలీసు, ఆవకాయ జాడీ. ఈ వంతెన మీద కూడా ఆ మార్చి నుంచి జూన్ దాకా రాకపోకలు కట్టడి చేశారట. బాబ్చా కూతురు ఇవతల వృద్ధాశ్రమంలో పని చేస్తుంది, మూడు నెలలు తల్లీకూతుళ్లు నదికి అటూ ఇటూ నిలబడి చేతులూపుకున్నారట.

అరగంటకి వాళ్లు వచ్చారు. వాళ్లు అన్నాను చూడు. మనవరాలొక్కతే వస్తుందనుకున్నా. మోకాళ్ల నొప్పుల మనిషి ఇంట్లో వేసుకునే చెప్పులతో, చేతిలో నా జాకెట్‌తో! వస్తూనే ఆ కుర్ర పోలీసుని జర్మన్‌లో దులిపేసింది. నాకు అర్థమైంది రెండే మాటలు, "పిల్లాడు", "చలి". అతను పాస్‌పోర్ట్ చూసి, సరే వెళ్లు అన్నాడు. ఈమె వదుల్తుందా? డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది. డ్యూటీలో తీసుకోకూడదు అన్నాడు, మర్యాదగానే. ఆమె రుమాలు కాయితం మీద రెండు అరిసెలు పెట్టి వంతెన పిట్టగోడ మీద ఉంచింది. "నీకు కాదు, పిట్టలకి" అంది. రాత్రి తొమ్మిదిన్నరకి ఏం పిట్టలురా!

నేను ఇటు దిగి వెనక్కి తిరిగి చూశాను. కాయితం మీద ఒకటే ఉంది.

ఫిబ్రవరి చివర్లో వీడ్కోలు చెప్పడానికి వెళ్తే కిలో గసగసాలు డబ్బాలో పోసి ఇచ్చింది, మీ అమ్మకి అని. కాదనలేక తెచ్చుకున్నాను. రూముకొచ్చి టికెట్ చూస్తే విమానం దుబాయ్ మీదుగా. అక్కడ గసగసాలు నిషేధం, పట్టుబడితే జైలే! ఇక ఆ రాత్రి నేనూ, ఆ డబ్బా, మా అంతస్తులో ఉన్న నైజీరియా కుర్రాడూ కలిసి ఏం చేశామంటే...

మామయ్య లేచాడు. ఆటో హారన్ కొడుతున్నాడు. మిగతాది

నీ
ఒడియా బాబు