ఐసీయూలో ఫిజియోథెరపీ తప్పనిసరి చేయాలి

సంపాదకులకు,

వెంటిలేటర్ తీసేస్తే మనిషి లేచి కూర్చుంటాడని ఇంటివాళ్లు ఆశపడతారు. తీరా చూస్తే దగ్గి కఫం బయటికి తెచ్చుకునే ఓపిక కూడా ఉండదు. మిషన్ ఊపిరి పోస్తున్నప్పుడు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే శ్వాస కండరం డయాఫ్రమ్‌కు పని తగ్గిపోతుంది. అది పూర్తిగా ఖాళీగా ఉంటే 18 నుంచి 69 గంటల్లోనే దాని పోగులు బాగా సన్నబడతాయని 2008లో అమెరికాలో వచ్చిన పరిశోధన చూపింది. ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించే సెప్సిస్ కూడా తోడైతే ఇక కాళ్లూ చేతులూ లేవవు.

మత్తు తగ్గించి మొదటి రోజుల నుంచే వ్యాయామం చేయించినవారిలో 59 శాతం మంది డిశ్చార్జి నాటికి తమ పనులు తాము చేసుకోగలిగారని 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మామూలు వైద్యం పొందినవారిలో అది 35 శాతమే. అలాగని మొండిగా చేయించకూడదు. వ్యాయామం మోతాదు పెంచితే అదనపు లాభం లేకపోగా ఇబ్బందులే పెరిగాయని 2022 నాటి మరో పెద్ద అధ్యయనం తేల్చింది. అందుకే శిక్షణ ఉన్న మనిషి పక్కన ఉండాలి.

రోగిని మంచం అంచున కూర్చోబెట్టాలంటే ఒకరు ట్యూబు కదలకుండా పట్టుకోవాలి, ఒకరు వీపుకు ఆసరా ఇవ్వాలి, ఇంకొకరు మానిటర్‌పై ఆక్సిజన్ అంకె చూస్తుండాలి. చూసే బంధువులకు టెన్షన్. ‘పాపం, పడుకోనివ్వండమ్మా’ అంటారు. వాళ్లకు విడమరిచి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

జిల్లా ఆసుపత్రుల ఐసీయూలన్నింటికీ పూర్తికాలపు ఫిజియోథెరపిస్టులను రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ నియమించాలి. డిశ్చార్జి తర్వాత ఇంటి దగ్గర చేసే శ్వాస వ్యాయామాలకూ ఆరోగ్య పథకాల కింద డబ్బు ఇవ్వాలి.

– ఒక ఫిజియోథెరపిస్ట్, వరంగల్