ఈస్ట్ సెల్స్ ప్రెజెంట్

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్లో మలపరీక్ష రిపోర్టు చదివి వినిపిస్తుంటే నీ టెన్షన్ తెలుస్తూనే ఉంది. "ఈస్ట్ సెల్స్ ప్రెజెంట్ అట, కడుపులో ఫంగస్ ఉందమ్మా" అన్నావు. ఇరవై ఆరేళ్లు ల్యాబ్‌లో స్లైడ్లు చూసిన దాన్ని, ఆ ముక్క ఎన్ని రిపోర్టుల్లో రాశానో నాకే లెక్క లేదు. లెన్స్ కింద కోడిగుడ్డు ఆకారంలో ఓ బుల్లి కణం, దాని పక్కన బుడిపెలా పుట్టుకొస్తున్న పిల్లకణం. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది.

ఈస్ట్ అంటే ఒకే కణంతో ఉండే ఫంగస్. ఏ జబ్బూ లేనివాళ్ల పేగుల్లోనూ కాండిడా అనే ఈస్ట్ ఉంటుందమ్మా. బ్యాక్టీరియా మధ్య దాని సంఖ్య చాలా తక్కువ. పోయిన నెల గొంతునొప్పికి నీ అంతట నువ్వే షాపులో కొని యాంటీబయాటిక్ వేసుకున్నావు కదా, ఆ మందు బ్యాక్టీరియాను చంపుతుంది, ఫంగస్ జోలికి పోదు. పక్కవాళ్లు ఖాళీ చేసిన జాగాలోకి ఇది పాకుతుంది.

ఇప్పుడేమో ఫంగస్‌ను తుడిచేయాలని ఫ్లూకోనజోల్ కొన్నావట! అదే నాకు కోపం తెప్పించింది. 2016లో లాస్ ఏంజెలెస్ శాస్త్రవేత్తలు ఎలుకలకు ఆ మందే పెట్టి చూస్తే పేగువాపు, ఊపిరితిత్తుల అలర్జీ ఇంకా ముదిరాయి. 2022లో న్యూయార్క్‌లోని వెయిల్ కార్నెల్ వాళ్ల ప్రయోగం ఇంకో వింత. పేగు గోడను అంటిపెట్టుకునే ఫంగస్‌లను ఎలుకలకు ఇస్తే పేగు దెబ్బలను బాగా తట్టుకుంది, పైగా అవి తోటి ఎలుకలతో ఎక్కువగా కలిసిమెలిసి తిరిగాయి. ఫంగస్‌ను చూసి రోగనిరోధక కణాలు వదిలే ఐఎల్-17 అనే పదార్థం నరకణాల మీద పనిచేయడమే ఈ కలుపుగోలుతనానికి కారణమని తేల్చారు. ఎలుకల సంగతే లే, మనుషులకూ అంతేనని నేననను. కాండిడా మరీ పెరిగితే ప్రమాదమే, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకైతే మరీను. అప్పుడు మందు వాడాలి, కానీ అది డాక్టరు చెప్పాలి.

విరేచనాలకని డాక్టరిచ్చిన పొడిని మొహం చిట్లించుకుని తాగావే, అందులో ఉన్నదీ ఈస్టే! 1920లలో బూలార్ అనే ఫ్రెంచి ఆయన వియత్నాం వైపు వెళ్లినప్పుడు, అక్కడివాళ్లు విరేచనాలకు లీచీ, మాంగోస్టీన్ తొక్కల కషాయం తాగడం చూసి, ఆ తొక్కల మీది ఈ ఈస్ట్‌ను పట్టుకున్నాడు. సాకరోమైసిస్ బూలార్డీ అనే దాని పేరులో ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

రేపు డాక్టరు దగ్గరికి రిపోర్టుతో పాటు ఆ స్ట్రిప్ కూడా తీసుకెళ్లు. ఎన్ని మాత్రలు వేసుకున్నావో దాచకుండా చెప్పు. నాకు కూడా.

అమ్మ