నదిలో ఏమీ లేదన్నావు కదరా!

ఒరేయ్ చిట్టీ,

తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. సంక్రాంతి లోపు రాస్తానని మాటిచ్చి శివరాత్రి కూడా దాటించేశాను. సాకులు చెప్పను, చెప్పినా నువ్వు నమ్మవు. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా: నాన్నకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు పేపర్లో చిన్నక్షరాలు కూడా చదివి మరీ వాదిస్తున్నారు. చెల్లికి విజయవాడ ట్రాన్స్‌ఫర్ అయింది. ఇల్లుగలాయన మళ్ళీ అద్దె పెంచాడు. నేను బాగున్నాను. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి రా. నదిలో ఏమీ లేదన్నావు కదరా నువ్వు!

గుర్తు తెచ్చుకో. మీ అన్నయ్య పీఎస్2 గేమ్ మెషిన్ హాస్టల్‌కి దొంగతనంగా తెచ్చి, శత్రువుల కంటపడకుండా దాక్కుంటూ పోయే ఆ వీడియో గేమ్, మెటల్ గేర్ సాలిడ్ 3 ఆడేవాడివి, కోడిగుడ్డు వార్డెన్ రౌండ్స్‌కి వస్తే టీవీ మీద దుప్పటి కప్పేవాళ్ళం. నేను పరీక్షలకి ఊరెళ్ళి వచ్చేసరికి నువ్వు ఆ ఆటలో వచ్చే నది దాటేశావు. ఏముందిరా అక్కడ అంటే, "ఏముంది, వాన, నీళ్ళు, ఓ నలుగురు దయ్యాలు. నడుచుకుంటూ పోవడమే. బోర్" అన్నావు. ఇన్నేళ్ళూ అదే నమ్మాను.

ఆ పాత ఆటల్ని కలిపి 2023లో మళ్ళీ వేసిన మాస్టర్ కలెక్షన్ ఉంది కదా, అది ఈ మధ్య సేల్‌లో పెడితే కొన్నాను. మొదలుపెట్టేటప్పుడే నిర్ణయించుకున్నా, ఈసారి దాక్కునేది లేదు. గడ్డిలో బోర్లా పడుకుని, ఎంత బాగా దాక్కున్నామో చెప్పే ఆ అంకె, కామో ఇండెక్స్, 90 దాటేదాకా ఊపిరి కూడా పీల్చని నీలాంటి వాళ్ళ ఆట నాకు చేతకాదని నువ్వే కదా అనేవాడివి. సరే అని చొక్కా విప్పేశాను. అవును, ఆ 'నేకెడ్' డ్రెస్సే. మొహానికి రంగు కూడా లేదు. కామో ఇండెక్స్ సున్నా కిందకి పోయింది. 1964 నాటి సోవియట్ అడవిలో మన హీరో స్నేక్ గారు మన కాలవ గట్టు మీద స్నానానికి బయల్దేరిన పెద్దమనిషిలా నిటారుగా నడిచాడు, చేతిలో ఏకే 47.

నవ్వకు. దాక్కునే వాళ్ళకి ఈ ఆటలో సగం తెలియదు, ఈ మాట మీద నీతో ఎన్నాళ్ళైనా వాదిస్తాను. శత్రు సైనికుడొకడు నన్ను చూడగానే రేడియో తీసి హెడ్‌క్వార్టర్స్‌కి చెప్తాడు, ఇంకో గుంపు దిగుతుంది. వాళ్ళొచ్చే దారి ఏదో తెలిశాక మూల దగ్గర నిలబడి ఎదురుచూడటమే. తుపాకీ దెబ్బ తగిలితే ఊరికే లైఫ్ తగ్గడం కాదు, గాయాలకి వైద్యం చేసుకునే క్యూర్ మెనూలోకి వెళ్ళి కత్తితో తూటా తీసి, మందు రాసి, రక్తం ఆపి, కట్టు కట్టాలి. నువ్వు ఆ మెనూ ఎన్నిసార్లు తెరిచి ఉంటావు? నేను దాంట్లోనే కాపురం పెట్టాను. కొండ మీద కందకాల దగ్గర, క్రాస్నోగోర్యేలో, అక్కడ బిగించి ఉన్న మెషిన్ గన్ దొరికింది చూడు... సరే, ఆ వర్ణన వద్దులే. అర్ధరాత్రి గట్టిగా నవ్వుతుంటే పక్క ఫ్లాట్ ఆంటీ గోడ కొట్టింది.

ఆ కొండ మీదే ఇంకోటి జరిగింది. అప్పుడు పట్టించుకోలేదు. స్టామినా అడుగంటి తుపాకీ చెయ్యి వణుకుతోంది, స్నేక్ కడుపు గుర్రుమంటోంది. నేను కాల్చిన సైనికుడొకడు పడి ఉంటే రాబందు వచ్చి వాడి మీద వాలింది. దాన్ని కాల్చి తినేశాను. తిండి తిండే కదా అనుకున్నా.

తర్వాత నీకు తెలిసిందే. శత్రువుల కోట గ్రోజ్నీ గ్రాడ్‌లో పట్టుబడటం, ఆ చిత్రహింసలు, కన్ను పోవడం, తప్పించుకుని జలపాతంలోకి దూకడం. కళ్ళు తెరిస్తే నది. పైన గాల్లో తేలుతూ ది సారో. బతికున్నప్పుడు చచ్చినవాళ్ళతో మాట్లాడినవాడు, 1962లో స్నేక్ గురువు ది బాస్ చేతిలో పోయినవాడు. నువ్వు ఎవరెవరి ప్రాణాలు తీశావో వాళ్ళ దుఃఖం ఇప్పుడు తెలుసుకో అంటాడు.

నాకు నీ మాట గుర్తొచ్చింది. ఓ నలుగురు దయ్యాలు, బోర్. ఫోన్ చూసుకుంటూ స్టిక్ ముందుకి నొక్కి పట్టుకున్నా.

చిట్టీ, వాళ్ళు ఆగకుండా వస్తూనే ఉన్నార్రా. నేను కాల్చినవాళ్ళు, అందరూ. గొంతు కోసినవాడు మెడ పట్టుకుని వస్తున్నాడు. మంటల్లో పోయినవాడు ఇంకా మండుతూనే వస్తున్నాడు. ఎదురుగా వచ్చి ఏడుస్తారు, అరుస్తారు, పక్కనుంచి వెళ్ళిపోతారు, వెనకాల ఇంకొకడు. తగిలితే లైఫ్ పోతుంది. తిరిగి కాల్చడానికి చేతిలో ఏమీ లేదు. ఫోన్ ఎప్పుడు పక్కన పడేశానో తెలీదు. ఆట మొత్తంలో నేను ఒదిగి, పక్కకి తప్పుకుని, ఎవరికీ తగలకుండా జాగ్రత్తగా నడిచింది అక్కడే, చచ్చినవాళ్ళ మధ్య. నువ్వు నేర్పించలేనిది వాళ్ళు నేర్పించారు.

అప్పుడొచ్చాడు వాడు. ఒంటి మీద రాబందు, ఇంకా పొడుస్తోంది. "నన్ను తిన్నావు" అని అరిచాడు.

నేను పాజ్ నొక్కి లేచి లైటు వేశాను. ఇది ఎవరికైనా చెప్పావంటే ఆ రెండో మెట్టు సంగతి మీ ఆవిడకి చెప్పేస్తా.

ఆలోచించు, ఆట కొన్నది నేను, తుపాకులిచ్చింది ఆట తయారుచేసినవాళ్ళు, చంపొద్దని నాకు గట్టిగా అడ్డం పడినవాడు లేడు. ఎవరిని ఎలా చంపానో, దేన్ని తిన్నానో మాత్రం మాట్లాడకుండా రాసిపెట్టుకున్నారు. 2004లో చేశారురా ఇది! ఇప్పటి ఆటల్లో మంచి పని చేస్తే ఒక రంగు, చెడ్డ పని చేస్తే ఇంకో రంగు మీటర్ చూపిస్తారు, నాకు అది చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఇక్కడ అలాంటి మీటర్ లేదు. నది పొడుగే మీటర్. నువ్వు మత్తు సూదులు కొట్టి అందరినీ నిద్రపుచ్చుకుంటూ పోయావు కాబట్టి నీకు ఆ పెద్ద విలన్లు తప్ప ఎవరూ ఎదురవలేదు. ఒకే నది, నీకు బోర్, నాకు...

ఏదో రాయబోయాను, మర్చిపోయాను. నాన్న వచ్చి నిన్ను అడిగానని రాయమన్నారు. రాశాను.

ఆ, చివర. అంతా నడిచాక స్నేక్ చచ్చిపోయాడు. గేమ్ ఓవర్ తెర. ఇంకోసారి ఆ మనుషులందరి మధ్య నడవడం నా వల్ల కాదురా బాబూ అని కంట్రోలర్ కింద పెట్టేయబోతుంటే నీ గొంతు వినపడింది: "పన్ను చూసుకో!" ప్రతి పరీక్షకీ హాల్లోకి వెళ్ళే ముందు నువ్వు అరిచే ఆ వెధవ మాట. పన్నులో దాచిన రివైవల్ పిల్, చచ్చినవాణ్ణి లేపే మాత్ర! ఆ తెర మీదే ఐటమ్స్ తెరిచి మింగితే లేచి కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ అదేదో మీ ఊరి సామెత అనుకున్నాన్రా నేను.

ఇక నీ లెక్క తేల్చు. ఆ ముసలి స్నైపర్, ది ఎండ్, ఆయనతో పోరాడలేక సేవ్ చేసి, పీఎస్2 గడియారం వారం ముందుకి తిప్పి, ముసలితనంతో చచ్చేలా చేశావు కదా. పెద్ద అహింసావాదిలా మాట్లాడతావు. అది చంపినట్టా కాదా? నీ నదిలో ఆయన కనిపించాడా? కనిపిస్తే ఏమన్నాడు? దాచకుండా రాయి, ఇంకా ఆ

సిలిండర్ వచ్చిందట, అమ్మ అరుస్తోంది, చిల్లర నా దగ్గరే ఉంది. ఉంటా.

నీ
ఢాంఢాం గాడు